క్రాన్‌బర్న్‌లో ఉగాది ఏ రోజు? తెలుగు వెబ్ అనువర్తనాలపై ఒక విమర్శ

మెల్బోర్న్ నగరానికి ఆగ్నేయంగా నలభై పైచిలుకు కిలోమీటర్ల దూరంలో, తన పేరే పెట్టుకొన్న రైలుమార్గం చివర ఉన్న ఊరు క్రాన్‌బర్న్. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ బయటపడిన ఇనుప ఉల్కల వల్ల శాస్త్రజ్ఞులకూ, ఆస్ట్రేలియా దేశవాళీ మొక్కలతో పెంచిన ఉద్యానవనం వల్ల యాత్రికులకూ ఆ ఊరు తెలుసు. తెలుగువారికి తెలియడం మాత్రం ఇటీవలి మాట. ఇంట్లో మాట్లాడే భాష తెలుగు అని 2016 ఆస్ట్రేలియా జనాభా లెక్కల్లో చెప్పుకొన్నవారు 34 వేల పైచిలుకు. 2021 నాటికి ఆ సంఖ్య 59 వేలు దాటింది. ప్రభుత్వ ప్రసారసంస్థ ఎస్‌బిఎస్ తన భాషల జాబితాలో తెలుగును చేర్చుకొంది. పండుగ ఎప్పుడో, పూజారి ఎక్కడ దొరుకుతాడో, పిల్లలకు తెలుగు బడి ఏ వారాంతంలోనో వెతుక్కొనే మనుషులు అక్కడ తయారయ్యారు. వాళ్ళు వెతుక్కొనేది వెబ్ అనువర్తనాల్లోనే.

ఈ పరిశీలనకు ఆ ఊరితో పని రెండు కారణాల వల్ల. ఆ ఊరి పేరును తెలుగులో కంప్యూటరుకు చెప్పడం కష్టం. ఆ ఊళ్ళో ఉగాది ఏ రోజో కంప్యూటరు చేత చెప్పించడం అంతకన్నా కష్టం. అనువర్తనం కట్టినవాడు భాషనూ, ఆ భాష మాట్లాడే మనిషినీ ఎంతవరకు చదివాడో ఈ రెండు చిన్న ప్రశ్నలు బయటపెడతాయి.

తెలుగులో పుస్తకం వెలువడితే సమీక్ష వస్తుంది. అది మెచ్చుకోలు కావచ్చు, తెగనాడటం కావచ్చు, కనీసం ఎవరో ఒకరు చివరిదాకా చదివి రాస్తారు. తెలుగులో ఒక వెబ్ అనువర్తనం వెలువడితే అభినందన మాత్రమే వస్తుంది. ‘తొలిసారిగా’, ‘సంపూర్ణంగా తెలుగులో’, ‘ప్రపంచంలోని తెలుగువారందరికీ’ అన్న మాటలతో ఆవిష్కరణ జరుగుతుంది. ఆ మాటలు నిజమో కాదో పరీక్షించే ఆనవాయితీ లేదు. స్వచ్ఛందంగా చేసిన పనిని తప్పుపట్టరాదన్న మర్యాద దీనికి ఒక కారణం. సాంకేతిక విషయం సాహిత్యవిమర్శకుడికి అందదన్న బెరుకు మరొక కారణం. అక్షరాలను అమర్చడం, మాటను వెతకడం, రోజుకు పేరు పెట్టడం భాషకు సంబంధించిన పనులే అయినప్పుడు, ఆ బెరుకుకు అర్థం లేదు. మర్యాద సంగతి వేరు. దానివల్ల నష్టపోయేది వాడుకొనే మనిషి.

ముందు పేరు సంగతి చూద్దాం. ‘క్రాన్‌బర్న్’ అన్న మాటలో తెలుగు చదువరి కంటికి కనిపించేవి నాలుగు అక్షరాలు: క్రా, న్, బ, ర్న్. యూనికోడ్ దృష్టిలో అవి పన్నెండు. ‘క్రా’ ఒక్కటే క, పొల్లు, ర, దీర్ఘం అన్న నాలుగు సంకేతాలు. యుటిఎఫ్-8 పద్ధతిలో నిల్వ చేసినప్పుడు తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకొంటుంది గనుక మొత్తం 36 బైట్లు. అదే మాటను వెబ్ చిరునామాలో పెడితే శాతం గుర్తులతో కలిసి 108 గుర్తుల పొడుగు అవుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగులో ఆ ఊరి పేరుకు పది అక్షరాలు, పది బైట్లు. చదివేవాడికి నాలుగు, ప్రోగ్రాముకు పన్నెండు, డేటాబేసుకు ముప్పయ్యారు. ఎక్కడ ఏ లెక్క వాడాలో తెలియని నిర్మాత చేతిలో తెలుగు మాట నలుగుతుంది. దరఖాస్తులో ఊరి పేరుకు పది అక్షరాల పరిమితి పెట్టారనుకొందాం. జావాస్క్రిప్ట్ పది సంకేతాలు లెక్కపెట్టి కోస్తే మిగిలేది ‘క్రాన్‌బర్’. కంప్యూటరు దృష్టిలో తప్పేమీ జరగలేదు.

ఆ పన్నెండింటిలో ఒకటి కంటికి కనిపించదు. ‘న్’కు, ‘బ’కు మధ్య వెడల్పు లేని ఒక గుర్తు ఉంది. యూనికోడ్ దానికి పెట్టిన పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘విడదీత గుర్తు’ అనుకొందాం. అది లేకపోతే పొల్లు తన స్వభావం కొద్దీ తరువాతి హల్లును వత్తుగా కిందికి లాగుతుంది, ‘క్రాన్బర్న్’ అవుతుంది. తెలుగు మాటల్లో ఈ గుర్తు అవసరం అంతగా ఉండదు, ఎందుకంటే హల్లుల మధ్య కలయికే మన లిపికి సహజం. ఇంగ్లీషు పేర్లు, పట్టణాల పేర్లు, పరభాషా పదాలు వచ్చినప్పుడు అది తప్పనిసరి. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటకే అది కావాలి. ప్రవాసాంధ్రుడి తెలుగులో ఇటువంటి మాటలు అడుగడుగునా వస్తాయి గనుక, విజయవాడలో కూర్చుని రాసిన అనువర్తనంలో పైకి తేలని లోపం క్రాన్‌బర్న్‌లో తేలుతుంది.

ఈ గుర్తు పట్ల ప్రోగ్రామర్లు సాధారణంగా చేసే తప్పులు రెండు. ఒకటి దాన్ని చెత్త అనుకొని తుడిచివేయడం. కనిపించని గుర్తులను మోసానికి వాడే వీలుంది గనుక, పాఠాన్ని శుభ్రం చేసే కోడులో వాటన్నిటినీ తీసివేసే అలవాటు ఉంది. ఇంగ్లీషుకు అది నిరపాయం. తెలుగులో రచయిత చేసిన వర్ణక్రమ నిర్ణయాన్ని అడగకుండా మార్చడం అది. (అంతర్జాల చిరునామాల ప్రమాణాలు రాసినవారు ఇంతకన్నా జాగ్రత్తపడ్డారు: 2010లో వెలువడిన నియమాలు పొల్లు తరువాత వచ్చినప్పుడు ఈ గుర్తును ఒప్పుకొంటాయి.) రెండో తప్పు దీనికి తలకిందులు: గుర్తును అలాగే ఉంచి, వెతుకులాటలో కూడా దాన్ని లెక్కలోకి తీసుకోవడం. అప్పుడు గుర్తు పెట్టి నమోదు చేసిన క్రాన్‌బర్న్ పూజారి, గుర్తు పెట్టకుండా వెతికే క్రాన్‌బర్న్ ఇల్లాలికి దొరకడు. ‘ఫలితాలు లేవు’ అని తెర చెబుతుంది. ఆమె ఆ ఊళ్ళో పూజారి లేడనుకొంటుంది. చేయవలసింది చాలా సులువు. చూపేటప్పుడు గుర్తు ఉండాలి, పోల్చేటప్పుడు ఉండకూడదు. ‘ఐ’త్వపు గుర్తుకు కూడా యూనికోడ్‌లో రెండు రూపాలున్నాయి: ఒకే సంకేతంగా ఒకటి, ఎత్వమూ దాని కింది భాగమూ విడివిడిగా మరొకటి. ‘హైదరాబాదు’ ఈ రెంటిలో ఏ విధంగా వచ్చినా ఒకటేనని ప్రోగ్రాముకు ముందే చెప్పి ఉంచాలి. క్రాన్‌బర్న్, క్రాన్‌బోర్న్, క్రేన్‌బర్న్ అన్న వర్ణక్రమ భేదాలు ఆ తరువాతి మెట్టు. అక్కడ ఇంగ్లీషు పేరును కూడా పక్కన దాచుకోవడం కన్నా మంచి ఉపాయం ఇంతవరకు లేదు.

ఈ అదృశ్య గుర్తు ఎంత పని చేయగలదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ఒక్క తెలుగు అక్షరం అందిన ఐఫోన్లు కూలిపోయాయి. ఆ అక్షరం ‘జ్ఞా’. వత్తుకూ దీర్ఘానికీ మధ్య ఈ విడదీత గుర్తు వచ్చిన ఒక వరుస. యాపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. వార్తాపత్రికలు దాన్ని వింతగా రాశాయి. విమర్శకుడికి అందులో వింత లేదు. కోట్ల మంది మాట్లాడే భాషలోని ఒక సాధారణమైన సంయుక్తాక్షరం, ప్రపంచంలోని సంపన్న సంస్థల్లో ఒకటి విడుదలకు ముందు చేసిన పరీక్షల్లో పట్టుబడలేదు. యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వచ్చినప్పుడే, భారతీయ ప్రమాణమైన ఇస్కీ ఆధారంగా, తెలుగుకు అందులో చోటు దొరికింది. తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే అక్షరంగా లెక్కపెట్టే సూత్రం యూనికోడ్ పాఠవిభజన నియమాల్లోకి వచ్చింది 2023 సెప్టెంబరులో, 15.1 కూర్పుతో. అంతకుముందు నియమాల ప్రకారం క్రాన్‌బర్న్‌లో అక్షరాలు ఆరు, ఇప్పుడు నాలుగు. పెద్దబాలశిక్ష చదివిన పిల్లవాడి లెక్కకు ప్రమాణం చేరుకోవడానికి ముప్పై రెండేళ్ళు పట్టింది.

తెలుగువారు మాత్రం అంతకాలం ఆగలేదు. 1990ల తొలినాళ్ళలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థులు ఏర్పరచిన ఆర్‌టిఎస్ లిప్యంతరీకరణ పద్ధతి ఇంగ్లీషు మీటలతో తెలుగు రాయడానికి దారి చూపింది. 2006లో వీవెన్ తెచ్చిన ‘లేఖిని’ ఆ పద్ధతిని బ్రౌజరులోకి తెచ్చింది. దానికి ఆధారమైన ‘పద్మ’ వెన్న నాగార్జున రచన. తెలుగు వికీపీడియాకు 2003లో పునాది వేసినవారు కూడా ఆయనే. లేఖినిని ఒక కృతిగా చదివితే దాని గుణం ఎక్కడుందో తెలుస్తుంది. అందులో ఒక పై పెట్టె, ఒక కింది పెట్టె. సభ్యత్వం అడగదు. పాఠాన్ని సర్వరుకు పంపదు. మార్పు అంతా చదువరి బ్రౌజరులోనే జరుగుతుంది. విడదీత గుర్తుకు టోపీ ఆకారపు మీట ఒకటి కేటాయించి ఉంది. దాన్ని రెండు హల్లుల మధ్య కొడితే ‘న్’ విడిగా నిలుస్తుంది. అంటే క్రాన్‌బర్న్ అని రాయవలసిన మనిషి వస్తాడని దాని నిర్మాతలు ముందే ఊహించారు. ఆ మీట సంగతి వాడుకరికి దానంతట అది తెలియదు, ఎవరో చెప్పాలి. అది లేఖినిలోని లోపమే. అయినా ఈ ఒక్క ఏర్పాటులో కనిపించే భాషాజ్ఞానం, ఆ తరువాత వచ్చిన ఎన్నో రంగురంగుల అనువర్తనాల్లో లేదు.

వాడపల్లి శేషతల్పశాయి, కాలెపు నాగభూషణరావు నిర్వహించే ‘ఆంధ్రభారతి’ నిఘంటు శోధన కూడా ఇదే కోవకు చెందుతుంది. ఒక్క మాట అడిగితే అనేక నిఘంటువుల్లోని ఆరోపాలు ఒకే పుటలో వస్తాయి. తెర అలంకారం కోరేవారికి ఆ పుట నిరాడంబరంగా, కాస్త ఇరుకుగా తోస్తుంది. కాని దాని వెనుక ఉన్నది గ్రంథ పరిష్కర్త శ్రమ: వేర్వేరు కాలాల నిఘంటువులను వాటి వర్ణక్రమ భేదాలతో సహా ఎక్కించి, అన్నిటినీ ఒకే ప్రశ్నకు బదులు పలికేలా చేయడం. తెలుగు వెబ్‌లో నిలిచిన పనులు చాలావరకు ఇటువంటివే. పాఠాన్ని గౌరవించేవారు కట్టినవి అవి.

ఇక రెండో ప్రశ్న, ఉగాది. ఇక్కడ విషయం లిపిని దాటి ఆకాశానికి వెళుతుంది.

చైత్ర శుక్ల పాడ్యమి సూర్యోదయానికి ఉన్న రోజు ఉగాది. తిథి అన్నది సూర్యచంద్రుల మధ్య కోణీయ దూరం గనుక అది మారే క్షణం భూమి అంతటికీ ఒకటే. సూర్యోదయం మాత్రం ఏ ఊరిది ఆ ఊరికే. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న తేడాను పట్టించుకోని పంచాంగ అనువర్తనం ప్రవాసాంధ్రుడికి పనికిరాదు. పరాభవ నామ సంవత్సరపు ఉగాదిని, అంటే 2026 నాటి దాన్ని, దృగ్గణితం ప్రకారం చూస్తే సంగతి తేటపడుతుంది. అమావాస్య ముగిసి పాడ్యమి మొదలయ్యే క్షణం విశ్వ కాలమానంలో మార్చి 19, 1 గంట 23 నిమిషాలు. హైదరాబాదులో అది ఉదయం 6.53. అక్కడ సూర్యుడు ఉదయించి అప్పటికి దాదాపు అరగంట. అంటే ఆ ఉదయపు సూర్యుడు చూసింది అమావాస్యను. పాడ్యమి ముగిసేది మర్నాడు తెల్లవారుజామున, 5 గంటలకు కొద్దిగా ముందు. అప్పటికి 20వ తేదీ సూర్యుడు రాలేదు. హైదరాబాదులో ఆ పాడ్యమి ఏ సూర్యోదయాన్నీ తాకదు. దీన్ని క్షయతిథి అంటారు. అటువంటప్పుడు పాడ్యమి నడిచిన 19వ తేదీనే ఉగాదిగా తీసుకొంటారు. మెల్బోర్న్‌లో గడియారం అప్పటికింకా వేసవి కాలమానంలో, భారతదేశం కన్నా అయిదున్నర గంటలు ముందుంటుంది. అక్కడ పాడ్యమి మొదలయ్యేది 19వ తేదీ మధ్యాహ్నం 12.23కు, ముగిసేది 20వ తేదీ ఉదయం పది దాటాక. 20న సూర్యోదయం 7.20 ప్రాంతంలో. సూర్యోదయానికి పాడ్యమి ఉన్న రోజు, అక్కడ ఏ సందేహమూ లేకుండా, 20.

హైదరాబాదులో గురువారం, క్రాన్‌బర్న్‌లో శుక్రవారం. హైదరాబాదు పట్టికను ఎత్తి తెచ్చి ‘ప్రపంచంలోని తెలుగువారందరికీ’ అని ముద్ర వేసిన అనువర్తనం క్రాన్‌బర్న్ కుటుంబానికి గురువారమని చెబుతుంది. అది తప్పా? కాకపోవచ్చు కూడా. స్వస్థలంలో పండుగ జరుపుకొనే రోజునే తామూ జరుపుకోవాలనుకొనేవారు ఉన్నారు. ఉన్నచోటి సూర్యుడే ప్రమాణం అనేవారూ ఉన్నారు. ఇది ఆచారానికి సంబంధించిన ఎంపిక, దాన్ని చేయవలసింది ఆ కుటుంబం. అనువర్తనం చేసే అపచారం ఆ ఎంపికను తానే రహస్యంగా చేసి, ఎంపిక జరిగిందన్న సంగతే తెలియనివ్వకపోవడం. ‘హైదరాబాదు సూర్యోదయం ప్రకారం’ అన్న మూడు మాటలు తేదీ పక్కన ఉంటే చాలు, తప్పు ఒప్పవుతుంది. ద్రిక్ పంచాంగ్ వంటి స్థలాలు ఊరిని అడిగి, ఆ ఊరికే లెక్క కట్టి చూపుతున్నాయి. కాబట్టి ఇది చేతకాని పని ఏమీ కాదు.

పండుగ ఒక రోజు అటూఇటూ అయితే పులిహోర చెడిపోదని ఎవరైనా అనవచ్చు. ఆబ్దికం విషయంలో ఆ మాట అనలేరు. తండ్రి పోయిన తిథి ఏదో తెలుసుకొని, ప్రతి సంవత్సరం ఆ తిథి అపరాహ్ణానికి ఉన్న రోజున, అంటే పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగో భాగానికి ఉన్న రోజున, తద్దినం పెడతారు. చాలా అనువర్తనాల్లో ఈ లెక్కకు ఉన్న గడి ఒక్కటే: ‘మరణించిన తేదీ’. వేళ అడగరు, చోటు అడగరు. ఆ రోజు సూర్యోదయ తిథినే మరణ తిథిగా తీసుకొని లెక్క కట్టేస్తారు. రాత్రి రెండు గంటలకు పోయిన మనిషికి అది తప్పయ్యే అవకాశం ఎంతో ఉంది. ఇక ఆ తిథి క్రాన్‌బర్న్ అపరాహ్ణానికి ఏ రోజున ఉంటుందన్న ప్రశ్న వాళ్ళ కోడులో పుట్టనే లేదు. కొడుకు సెలవు పెట్టి, పూజారిని పిలిచి, తప్పు రోజున తండ్రికి పిండం పెడతాడు. అతనికి ఆ సంగతి ఎప్పటికీ తెలియకపోవచ్చు. తెలియదు గనుకే దాన్ని తెలుసుకోగలిగినవాడి మీద బాధ్యత ఎక్కువ.

రాహుకాలం సంగతి కొంత నవ్వు పుట్టిస్తుంది. సోమవారం 7.30 నుంచి 9 వరకు అన్నది మన గోడ క్యాలెండర్ల వాడుక. సూర్యోదయం ఆరుకు, అస్తమయం ఆరుకు అనుకొని పగటిని ఎనిమిది భాగాలు చేస్తే సోమవారానికి వచ్చే రెండో భాగం అది. తెలుగు నేల మీద ఈ ఉజ్జాయింపు పెద్దగా నష్టం చేయదు. మెల్బోర్న్ దక్షిణార్ధగోళంలో 38 డిగ్రీల దగ్గర ఉంది. డిసెంబరు చివర పగలు పద్నాలుగు ముప్పావు గంటలు. జూన్ చివర తొమ్మిదిన్నర. జూన్‌లో అక్కడ సూర్యుడు ఉదయించేది 7.35 ప్రాంతంలో. కాబట్టి క్యాలెండరును నమ్మిన అనువర్తనం ప్రకారం ఆ సోమవారం రాహుకాలం సూర్యుడికన్నా ముందే నిద్ర లేస్తుంది. లెక్క ప్రకారం అది 8.47 ప్రాంతంలో మొదలై పది లోపే ముగియాలి. ఇటువంటి తప్పులకు మూలం జ్యోతిషం తెలియకపోవడం కాదు. పట్టికను సూత్రంగా పొరబడటం.

గడియారం కూడా ఒక వలే. విక్టోరియా రాష్ట్రంలో వేసవి కాలమానం 2008 నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం నాడు ముగుస్తోంది. అంతకుముందు మార్చి చివరి ఆదివారం నాడు ముగిసేది. ఉగాది పడేది సరిగ్గా ఈ రోజుల చుట్టుపక్కల. 2024లో గడియారాలు వెనక్కి జరిగిన రెండు రోజులకు, ఏప్రిల్ 9న ఉగాది వచ్చింది. 2006లో మెల్బోర్న్‌లో కామన్వెల్త్ క్రీడలు జరిగినందువల్ల ఆ ఒక్క ఏడు వేసవి కాలమానాన్ని ఒక వారం పొడిగించారు. ఆ వారంలోనే, మార్చి 30న, వ్యయనామ సంవత్సర ఉగాది పడింది. ఇటువంటి మార్పులన్నీ నమోదయ్యే కాలమండలాల దత్తాంశం ఒకటి ప్రపంచమంతటికీ ఉచితంగా దొరుకుతుంది. చాలా ఆపరేటింగ్ సిస్టంలలో అది ఉంది. దాన్ని వాడకుండా ‘భారత సమయానికి అయిదున్నర కలుపు’ అని ఒక వరుస రాసి ఊరుకొన్న కోడు ఏడాదిలో దాదాపు సగం రోజులు గంట తప్పుతుంది.

ఆశ్చర్యమేమంటే దూరం ఇప్పుడు సమస్య కాదు. అమెజాన్ తన డేటా కేంద్రాల సముదాయాన్ని 2022 నవంబరులో హైదరాబాదులోనూ, 2023 జనవరిలో మెల్బోర్న్‌లోనూ తెరిచింది. తెలుగు అనువర్తనాన్ని క్రాన్‌బర్న్‌కు గంట ప్రయాణం దూరంలో ఉంచి నడపడం ఒక మెనూలో పేరు ఎంచుకొన్నంత సులువు. సర్వరు మెల్బోర్న్‌కు వచ్చింది, పంచాంగం రాలేదు.

ఇంటిపేరు విషయంలో కూడా ఇదే తీరు. ఆస్ట్రేలియాలో కొన్ని దరఖాస్తులు మొదట ఇచ్చిన పేరు, తరువాత కుటుంబం పేరు అడుగుతాయి. అక్కడి తెలుగు సంఘాల సభ్యత్వ పత్రాలు సైతం ఆ అచ్చునే అనుసరిస్తే ఇంటిపేరు చివరికి పోతుంది. సొంత భాషా సంఘం పిలుపులో మనిషి పేరు తలకిందులవుతుంది. ‘పూర్తి పేరు, మీరు రాసుకొనే విధంగా’ అన్న ఒక్క గడి చాలు. వేరొక లోపం చెవికి సంబంధించింది. చూపు లేనివారు తెర పాఠాన్ని వినడానికి వాడే ఎన్‌విడిఏ అనే ఉచిత ప్రోగ్రాము ఆస్ట్రేలియాలోనే పుట్టింది. దాంతోపాటు వచ్చే ఈస్పీక్ స్వరానికి తెలుగు చదవడం వచ్చు. అయితే ఈ పుట తెలుగులో ఉందని పుట తన కోడులో చెప్పాలి. దానికి పట్టేది ఒక్క మాట. ఇంగ్లీషు మూసలో తెలుగు పోసిన పుటలు తమది ఇంగ్లీషనే ఆ ప్రోగ్రాముకు చెబుతుంటాయి.

ఈ విమర్శకు ఒక న్యాయమైన సమాధానం ఉంది. తెలుగు అనువర్తనాలు కట్టేవారిలో ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకొంటూ రాత్రిళ్ళు, వారాంతాల్లో, ప్రతిఫలం లేకుండా పనిచేసేవారు. వారి నుంచి నగరాల సూర్యోదయాలూ, కాలమానాల చరిత్రా, అదృశ్య గుర్తుల శాస్త్రమూ కోరడం అన్యాయం కాదా? కొంతవరకు అన్యాయమే. కాని లేఖిని కూడా అటువంటి వేళల్లో పుట్టిన పనే. చిన్న పని ఎంచుకొని దాన్ని భాషకు తగినట్లు చేయడం ఒక మార్గం. పెద్ద పని ఎంచుకొని ఆవిష్కరణ తేదీకి సిద్ధం చేయడం మరొకటి. మొదటిదానికి వచ్చిన గుర్తింపు తక్కువ, ఆయుస్సు ఎక్కువ.

ఆయుస్సు సంగతి విడిగా చెప్పుకోవాలి. పాత పత్రికల అక్షరరూపాలను యూనికోడ్‌లోకి మార్చి చూపే ‘పద్మ’ను ఫైర్‌ఫాక్స్ పాత తరహా పొడిగింతగా రాశారు, 2017 నవంబరులో వచ్చిన 57వ కూర్పు ఆ తరహా మొత్తాన్ని నిరాకరించింది. గూగుల్ లిప్యంతరీకరణ సేవను తమ పుటల్లో పెట్టుకొన్న స్థలాలకు 2011లో ఆ ఏపీఐ కాలం తీరినట్లు తెలిసింది. ఇతరుల నేల మీద కట్టిన ఇల్లు ఇతరుల ఇష్టం మీద నిలుస్తుంది. ఈ రెండు సంఘటనల్లోనూ లేఖిని పడిపోకపోవడానికి కారణం సాంకేతిక ఘనత అనడం కన్నా మితం అనడం సరి: బ్రౌజరుకు సహజంగా తెలిసిన భాషలో రాసిన కోడు, బయటివారి సేవ మీద ఆధారపడని పని, ఎవరైనా తమ కంప్యూటరులో దాచుకోగలిగిన ప్రతి. సిలికానాంధ్ర విడుదల చేసిన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్ల భాండాగారంలో స్వేచ్ఛా లైసెన్సుతో చేరడం వల్ల కలిగిన లాభమూ ఇటువంటిదే. గిడుగు, సురవరం, మల్లన్న, మండలి అన్న పేర్లతో ఉన్న ఆ అక్షరాలను ఏ నిర్మాత అయినా అడగకుండా వాడుకోవచ్చు. వాడుకొనేటప్పుడు వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకు పెట్టినంతే పెడితే వత్తులు కింది వరుసలోకి చొచ్చుకుపోతాయి. అది ఫాంటు తప్పు కాదు.

మూడేళ్ళ తరువాత ఒక అనువర్తనాన్ని తెరిచి చూసే విమర్శకుడు అడగవలసిన మొదటి ప్రశ్నలు చాలా మామూలువి. శోధన పెట్టెలో క్రాన్‌బర్న్ అని విడదీత గుర్తుతో ఒకసారి, గుర్తు లేకుండా ఒకసారి కొట్టాలి. రెండు సార్లూ ఒకే జాబితా రావాలి. తరువాత 2026 మార్చి 20వ తేదీని తెరిచి, ఊరు క్రాన్‌బర్న్ అని ఎంచి, అక్కడ ఏం రాసి ఉందో చూడాలి. ‘ఉగాది’ అని ఉంటే బాగుంది. ‘విదియ’ అని ఉంటే, ఏ ఊరి సూర్యుణ్ణి చూసి ఆ మాట రాశారో పక్కన చెప్పి ఉందా లేదా అన్నది వెతకాలి. ఊరు ఎంచుకొనే వీలే లేకపోతే, ఆవిష్కరణ నాడు ఏమన్నారో వెనక్కి వెళ్ళి మరోసారి చదవాలి.